పేరడగని గడప – పదకొండవ భాగం

కిందటి వారం పచ్చ రుమాలు దగ్గర ఆగాం.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. మహబూబాబాద్‌ను మేమెవరమూ ఆ పేరుతో పిలవం, మాకది మానుకోట. అక్కడి పెద్ద దవాఖానలో మాదొక చిన్న సంఘం ఉంది, తోడు సంఘం. ఎవరూ లేని రోగుల పక్కన కూర్చుంటాం. నీళ్ళు తాగిస్తాం, డాక్టరమ్మ చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ చెబుతాం, భయపడితే చెయ్యి పట్టుకుంటాం. భుజాన పచ్చ రుమాలు మా గుర్తు. అలాంటి రుమాలే వేసుకొని ఎవత్తో వచ్చి, ‘సంఘం మనిషినే బిడ్డా, నువ్వు పండుకో’ అని ఒక బాలింతను నమ్మించి, ఆమె పుస్తెలతాడుతో ఉడాయించింది. దాంతో మా కార్యదర్శి అభిలాష్ కొత్త కట్టుబాటు తెచ్చాడు. సంఘంలో ఉన్న ప్రతి మనిషీ ఊరు, కులం, తండ్రి పేరు, భర్త పేరు చెప్పాలి. ఫొటోతో సహా అవన్నీ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి.

అందరం చెప్పాం. నేనూ చెప్పాను. చెబితే నాకు పోయేదేమీ లేదు కాబట్టి చెప్పాను. సంధ్య మాత్రం చెప్పలేదు. పన్నెండేళ్ళుగా మాతో ఉన్న మనిషి, భుజం మీది రుమాలు తీసి, మడతపెట్టి, సంఘం మొదలుపెట్టిన సాలమ్మక్క ఒకప్పుడు కూర్చున్న ఖాళీ కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ మీటింగు. సంధ్య వస్తుందో రాదో తెలియదు. దవాఖాన వెనక మాకిచ్చిన రేకుల గదిలో నేను అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద సాలమ్మక్క ఫొటో. ఆకువక్కతో పండిన నోరు, నవ్వీ నవ్వని ముఖం. చచ్చిపోయి రెండేళ్ళయినా ఆ ముఖం చూస్తే నాకు తిట్టాలనే అనిపిస్తుంది. ‘ఈ తంటా అంతా నీదేనక్కా’ అన్నాను ఫొటోతో.

సాలమ్మక్కను నేను మొదట చూసింది జనగామలో. టెలిఫోన్ ఎక్స్చేంజిలో కొత్తగా ఆపరేటర్‌గా చేరాను. ట్రంకుకాల్ బుక్ చేసి గంటలు గంటలు బెంచీ మీద కాచుకొని కూర్చునే రోజులు. బయట గూడ్సు బండి పోతుంటే మా కిటికీలు గడగడలాడేవి. ఊళ్ళో సగం కాపురాల గుట్టు నా చెవుల్లో పడేది. పడిందాన్ని అక్కడే మరిచిపోవాలని మా సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పాడు. ఇప్పటివాళ్ళకు ఆ మాట చెబితే నవ్వుతారు. మేము మాత్రం నిజంగానే మరిచిపోయేవాళ్ళం.

సాలమ్మక్క ఒక హాస్టల్లో వంట చేసేది. నెలకోసారి వచ్చి, చీర కొంగుతో చెమట తుడుచుకొని, “మహదేవపూర్‌కు కలుపు బిడ్డా” అనేది.

“ఎవరు మాట్లాడుతున్నరని చెప్పాలె అక్కా?”

“పేరెందుకు? నా గొంతు వాళ్ళకెరుకే.”

కలిపేదాన్ని. ఆమె మాట్లాడేది ఒక్కటే మాట. “ఇంక తెల్వలేదా?” అవతల ఏమనేవారో నాకు తెలియదు. “మంచిది” అని పెట్టేసేది. పోతూ పోతూ ఉడకబెట్టిన పల్లికాయల పొట్లం నా టేబుల్ మీద పెట్టేది. ఇప్పటికీ ఉడికిన పల్లికాయల వాసన తగిలితే నాకు ఆ గది, ఆ తీగలు, ఆ బెంచీ, కొంగుతో మెడ తుడుచుకునే ఆ మనిషీ కళ్ళ ముందుకొస్తారు. ఆ రోజులు మళ్ళీ రావు, రమ్మన్నా రావు.

ఒకరోజు ఫోను పెట్టేసి నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

“ఇగ నీకు తిప్పలు లేవు రేణుకా. నేను మానుకోటకు పోతున్న. ఇగ ఆడనే.”

జనగామలో నిక్షేపంలాంటి పని వదులుకొని, చుట్టమూ పక్కమూ లేని ఊరికి ఎందుకు పోతున్నావని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పదేళ్ళ తర్వాత నాకూ మానుకోట బదిలీ అయ్యింది. దవాఖానలో ఎవరో ముసలాయనకు గంజి తాగిస్తూ కనిపించింది. అట్లా మొదలైంది మా సంఘం.

మా దగ్గర పెళ్ళయిన కొత్త జంటను గడప దగ్గర ఆపుతారు కదా. ఆడబిడ్డలు అడ్డం నిలబడి ‘పేరు చెప్పి లోపలికి రా’ అంటారు. అందరూ నవ్వుతారు, పెళ్ళికూతురు సిగ్గుపడి మెల్లిగా మొగుడి పేరు చెబుతుంది. సరదా ముచ్చటే, నాకూ జరిగింది. కానీ సాలమ్మక్క ఈ రేకుల గది తాళం తీసిన రోజు గడప మీద నిలబడి అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

“పెండ్లినాడు గడపకాడ ఆపి మొగని పేరు అడిగిన్రు. గా దినంకెళ్ళి ఏడికి పోయినా గదే అడుగుడు. ఎవలి బిడ్డవు, ఎవలి పెండ్లానివి, ఏ ఊరు, ఏ కులం. గీ ఒక్క గడప అడగొద్దు. వచ్చినామె ఏ పేరు చెప్తే గదే పేరు.”

మరి నమ్మకం ఎట్లా అంటే, దానికీ ఒక పద్ధతి పెట్టింది. కొత్తగా వచ్చినామె కొన్నాళ్ళు పాతవాళ్ళలో ఒకరి పక్కన కూర్చొని పని చేయాలి. ఆ పాత మనిషి ఒకరోజు అందరి ముందు నిలబడి “ఈమెకు నేనున్న” అనాలి. అంతే. ఆమె ఏ తప్పు చేసినా అది నా తప్పు అని పూచీ. ఆ మాట అన్నాకే భుజాన పచ్చ రుమాలు. సంధ్య వచ్చిన మూడోనాడే, కొన్నాళ్ళు గడవకుండానే, సాలమ్మక్క లేచి నిలబడి “ఈమెకు నేనున్న” అన్నది. ‘ఏందక్కా ఇంత తొందర’ అని మా సంఘం రాజీ వేళాకోళమాడితే, ‘నాకు తెలుసులే’ అని ఆకులో సున్నం రాసుకున్నది.

మీటింగుకు అందరూ వచ్చారు. నోటికి అడ్డూ అదుపూ లేని రాజీ వచ్చింది. మాలో అందరికన్నా చిన్నది, నర్సింహులపేట దగ్గరి తండా పిల్ల కవిత వచ్చింది. ఆ ఉదయమే గూడూరు వైపు నుంచి కాళ్ళవాపుతో ఒక తండా ముసలమ్మ వార్డులో చేరిందని, పేరు సుక్కి అని, ఆమెను పడుకోబెట్టి వచ్చానని చెప్పింది. అభిలాష్ వచ్చాడు. మంచి పిల్లాడు. నాకెంత కోపమున్నా ఆ మాట దాచను.

చివరగా సంధ్య వచ్చింది. చేతిలో సంచి. గడప దాటలేదు.

“నా తాన ఉన్న తాళపు చెవి ఇచ్చి పోదామని వచ్చిన అక్కా. సాయంత్రం బండికి పోతున్న.”

“ఏడికే?” అని అడిగేసి రాజీ నాలుక కరుచుకున్నది.

స్టేషన్ వెనక సందులో అద్దె గది, ఈ దవాఖాన, మేము. ఇంతకుమించి ఆమెకు ఏమీ లేదు. ఇది కూడా పోతే ఎక్కడికి పోతుంది?

అభిలాష్ లేచి నిలబడ్డాడు.

“సంధ్యక్కా, నిన్ను ఎల్లగొడుతున్ననని అనుకోకు. గా బాలింత నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. మీ సంఘపోళ్ళే చేసిన్రు అన్నది. నేనేం జవాబు చెప్పాలె? రేపు భూపాలపల్లిల గూడ సంఘం పెడదామనుకుంటున్నం. అక్కడోళ్ళు మీరెవలు అని అడిగితే ఏం చూపెట్టాలె?”

“నువ్వు అడిగేది తప్పు కాదు తమ్మీ” అన్నది సంధ్య. గొంతులో కోపం లేదు. “దవాఖానోళ్ళకు నా ముఖం చూపిస్త. వచ్చేటప్పుడు చెప్పి రమ్మంటే చెప్పి వస్త, పోయేటప్పుడు చెప్పి పొమ్మంటే చెప్పి పోత. పేరు సంధ్య. నేను చేసే పని మీ కండ్ల ముందట్నే ఉంటది. గంతవరకు సంఘానిది. నా ఊరు, నా తల్లిదండ్రి, నా కాపురం, గవి నావి.”

“తప్పు చేసినోళ్ళు దాచుకుంటరు గని నీకు దాచే అక్కెర ఏమొచ్చింది అక్కా?”

నాకు సర్రున మండింది.

“అభిలాష్! మీ ఇంటికి తలుపు లేదారా? రాత్రి గడియ పెట్టుకుంటవా లేదా? గడియ పెట్టుకునేటోళ్ళందరు లోపల దొంగసొమ్ము దాస్తున్నరా?”

“గది వేరే పెద్దమ్మా.”

“ఏం వేరే? పుస్తెలతాడు తీసుకపోయినది నీ బోర్డు మీద పేరు లేకనే తీసుకపోయిందా? రేపు గసొంటిదే వచ్చి దొంగపేరు చెప్తది, దొంగ ఊరు చెప్తది, దర్జాగ ఫొటో దిగుతది. చెప్పనని నిజం చెప్పినామెను మాత్రం నువ్వు బయటికి పంపుతున్నవ్.”

వాడు తల వంచుకున్నాడు. అయినా పట్టు వదల్లేదు.

“మరి ఈమెకు పూచీ ఎవలు?”

“సాలమ్మక్క.”

“ఆమె లేదు గద పెద్దమ్మా.”

నిజమే, పూచీ ఇచ్చిన మనిషే లేదు. ఆ సంగతి నాకిన్నాళ్ళూ తట్టనే లేదు. కుర్చీ మీది రుమాలు తీసుకొని, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచాను.

“ఈమెకు నేనున్న.”

“నేను గూడ” అన్నది రాజీ. “నా పూచీకి విలువ లేకపోతే గది వేరే ముచ్చట.”

“ఆమె గురించి నీకేం తెలుసు పెద్దమ్మా?” అన్నాడు అభిలాష్.

“ఏం తెల్వది.”

“తెల్వకుండ పూచీ ఎట్లిస్తవు?”

“తెలిస్తే ఇగ పూచీ ఎందుకురా? తెల్వని కాడనే గద పూచీ కావాల్సింది.”

రాజీ పకపకా నవ్వింది. అభిలాష్‌కూ నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. వాడు మెత్తబడుతున్నాడని నాకు అర్థమైంది. ఎందుకు చెప్పదో తెలుసుకోవాలని నాకు మాత్రం లేదా? ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది. తండా నుంచి రోగి వస్తే చాలు, సంధ్య కవితను పంపి తను వేరే వార్డుకు జారుకునేది. భాష రాదు కాబోలు అనుకునేవాళ్ళం. నాకు మాత్రం అనుమానం తగిలేది. అనుమానాన్ని అనుమానంగానే ఉంచుకున్నాను. ట్రంకుకాల్స్ కలిపిన అలవాటు అది.

రుమాలు ఆమె చేతికి ఇవ్వబోతుండగా సంధ్య వెనక నుంచి ఎవరో వస్తున్న చప్పుడైంది. గోడ పట్టుకొని, వాచిన కాళ్ళు ఈడ్చుకుంటూ ఒక ముసలమ్మ. చేతులకు మోచేతిదాకా తెల్లటి గాజులు, అద్దాల రవిక. కవితను వెదుక్కుంటూ వచ్చిన సుక్కి.

“కవితమ్మా, గోలీలు ఎప్పుడేసుకోవాలెనే” అంటూ వచ్చి, దారికి అడ్డంగా ఉన్న సంధ్యను పక్కకు జరపబోయి, ముఖం చూసింది. అలాగే నిలబడిపోయింది. చెయ్యెత్తి సంధ్య గదవ పట్టుకొని వెలుతురు వైపు తిప్పింది. సంధ్య కళ్ళు మూసుకున్నది.

అప్పుడు సుక్కి ఆమెను రెండు చేతులా వాటేసుకొని ఏడుపు ఎత్తుకున్నది.

మామూలు ఏడుపు కాదు. రాగం ఉన్న ఏడుపు, మాటలున్న ఏడుపు. కవిత ఒకసారి చెప్పింది నాకు. తండావాళ్ళలో అయినవాళ్ళు చాలాకాలానికి కలిస్తే కుశల ప్రశ్నలు ఉండవట. మెడలు పట్టుకొని, ఎవరు పుట్టారో ఎవరు పోయారో, నువ్వు లేక ఏమైందో, అన్నీ ఏడుస్తూనే చెప్పుకుంటారట. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్ళు ఏడుపుతోనే బదులివ్వాలి. కళ్ళు ఎండబెట్టుకొని నిలబడితే నువ్వు నాకేమీ కావు అన్నట్టే. అంతకన్నా పెద్ద అవమానం లేదట.

సంధ్య ఎండు కళ్ళతోనే నిలబడింది. పెదవులు గట్టిగా బిగించింది. ఇన్నేళ్ళూ తండా రోగుల దగ్గరికి ఎందుకు పోలేదో నాకు అప్పుడు తెలిసింది. ఈ ఏడుపుకు భయపడే. నోరు తెరిస్తే ఊరు, పేరు, తల్లి, తండ్రి అన్నీ ఏడుపులో వచ్చేస్తాయి. తెరవకపోతే ఆ ముసలమ్మ గుండె పగులుతుంది. ‘తెరవకే, తెరవకే’ అనుకున్నాను మనసులో. మరుక్షణమే ‘పాపం ముసల్ది, తెరువే’ అనుకున్నాను.

సుక్కి గొంతు జీరబోయింది. బదులు రాక ఏడుపు సన్నగిల్లింది. చేతులు సడలుతున్నాయి.

సంధ్య చేతిలో సంచి కిందపడింది.

“ఏ యాడీయే...” అని, ఆ ఏడుపు ఎత్తుకునే పిలుపుతోనే ఆమె గొంతు లేచింది. పన్నెండేళ్ళలో ఆ గొంతు మేము వినలేదు. ముసలమ్మ ఒక పాదం పాడితే ఈమె ఒక పాదం. ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి ఊగుతున్నారు. రాజీ కొంగు నోట్లో కుక్కుకున్నది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. అర్థం కాని భాషలో అంత అర్థమయ్యే ఏడుపు నేను ఎన్నడూ వినలేదు. మధ్యలో సుక్కి ఆమెను వేరే పేరుతో పిలిచింది. నాకు స్పష్టంగా వినిపించింది. ఆ పేరు ఇక్కడ రాయను.

మీటింగు రికార్డు చేస్తున్న అభిలాష్ ఫోను అప్పటిదాకా బల్ల మీద ఉన్నది. వాడే తీసి ఆపేశాడు. ఆపాడు గానీ కుర్రతనం ఎక్కడికి పోతుంది? కవిత చెవి దగ్గర వంగి అడిగాడు.

“ఏమంటున్నరు కవితా? ఏ ఊరంట?”

గదిలో ఆ మాటలు అర్థమయ్యేది ఒక్క కవితకే. ఆమె బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

“గీ ఏడుపుకు తెలుగు లేదన్నా” అన్నది.

“ఏడుపుకు గూడ ఊరు, కులం కావాల్నారా నీకు?” అని రాజీ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. వాడు పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఇంతలో సంధ్య ఏడుపులో మాకందరికీ తెలిసిన పేరొకటి వచ్చింది.

“సాలమ్మ యాడీయే...”

యాడీ అంటే తల్లి. కవిత పుణ్యమా అని మాకందరికీ వచ్చిన ఒకే ఒక్క మాట అది. పోయినవాళ్ళ పేర్లు పలికే చోట, తనకు పోయిన తల్లిగా సాలమ్మక్క పేరు పలికింది. ‘విన్నవా అక్కా, బోర్డు అడగని తల్లి పేరు చెప్పింది విను’ అనుకున్నాను.

సుక్కి ఏడుపు టక్కున ఆగింది.

“ఏ సాలమ్మ?” అన్నది తెలుగులో.

సంధ్య కళ్ళు తుడుచుకుంటూ గోడ వైపు చూపించింది. ముసలమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. కొంగుతో ఫొటో అద్దం తుడిచింది. దగ్గరగా చూసింది, దూరం జరిగి చూసింది.

“గీమె మానుకోటకు ఎన్నడొచ్చింది?”

“ముప్పై ఏండ్లు దాటింది అవ్వా” అన్నాను.

“దూరంకెళ్ళే చూస్త, దగ్గరికి రాను అన్నది నాతోని.” తనలో తను అనుకుంటున్నట్టుగా గొణిగి, సంధ్య వైపు తిరిగింది. “గీమెను యాడీ అనుమని నీకెవలు చెప్పిన్రు?”

“ఎవ్వలు చెప్పలే. నాకే అట్ల పిలవాలనిపిచ్చింది. ఆమె ఉన్నప్పుడు ఎన్నడు పిలువలే.”

సుక్కి కింద కూలబడింది. కవిత పరుగెత్తి పట్టుకున్నది. అభిలాష్ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఉండబట్టలేక మళ్ళీ అడిగాడు.

“ఫొటోల ఉన్నామె సంధ్యక్కకు ఏమైతది అవ్వా?”

ముసలమ్మ గ్లాసు పక్కకు నెట్టింది.

“నీకెందుకు బిడ్డా? నీకు చెప్పొద్దు. మహదేవపూర్ల మిరప తోటలకు కూలికి పోయిన యేడు గీమె నా చెయ్యి తన తలకాయ మీద పెట్టిచ్చుకొని ఒట్టేయించుకున్నది. గీ పిల్ల నోరు తెరిచి అడిగిన నాడే చెప్పాలె. వేరేటోళ్ళు ఎంత అడిగినా చెప్పొద్దు.”

మహదేవపూర్! ఎప్పుడో జనగామ ఎక్స్చేంజిలో విని మరిచిపోయాననుకున్న గొంతు నా చెవిలో మళ్ళీ పలికింది. ఇంక తెల్వలేదా? ఆ తీగలు కలిపింది నేనే. ఆ మాట వెనక ఏముందో నెలనెలా నా వేళ్ళ కిందే పోయింది. నవ్విన ఆ రోజు ఆమెకు తెలిసింది ఈ పిల్ల జాడేనన్న సగం ఇప్పుడు నాకు తెలిసిపోయింది. మిగతా సగం ఈ ముసలమ్మ నోట్లో ఉన్నది.

అందరం సంధ్యనే చూస్తున్నాం. ఒక్క మాట అడిగితే చాలు. ఆమె అడగలేదు. పన్నెండేళ్ళు ఎవరూ తనను అడగకుండా కాపాడిన గడప మీదే నిలబడి, ఒకసారి ఫొటో వైపు, ఒకసారి నా వైపు చూసింది. నా చేతిలో పచ్చ రుమాలు అలాగే ఉన్నది.

“రేణుకక్కా” అన్నది. “మన గడపల అడగొచ్చునా?”